తెలుగులో ఇచ్చిన ఆర్డర్

మా దిక్కు ఫౌజు నుంచి రిటైరై వచ్చినవాణ్ణి ఉత్తగా ఇంటికి రానివ్వరు. ఇబ్రహీంపట్నం చౌరస్తాలో ఆపి, మెడలో దండలు వేసి, మూత లేని జీపెక్కించి, ముందు డీజే బండి పెట్టి ఊళ్లోకి తీసుకుపోతారు. సిపాయిగా దిగినా, నాలాగా పెద్ద ర్యాంకులో దిగినా తేడా లేదు. సిపాయికే ఇంకా ఎక్కువ గులాలు చల్లుతారు. వాడి దోస్తులు ఎక్కువమంది ఉంటారు కాబట్టి.

నన్ను కూడా అలాగే తీసుకుపోయారు. ఫ్లెక్సీ మీద యూనిఫాంలో నా ఫొటో, దాని కింద ‘సైబర్ యోధుడు’ అని ఎర్రటి అక్షరాలు. నేను ఎన్నడూ ఎవరి మీదా తుపాకీ ఎత్తలేదు. నా ఉద్యోగమంతా కిటికీలు లేని గదుల్లో గడిచింది. అవతలి దేశంవాళ్లు ఫోన్లలో, కంప్యూటర్లలో ఏం మాట్లాడుకుంటున్నారో చదవడం, మనవాళ్ల మాటలు వాళ్ల చెవిన పడకుండా చూడటం నా పని. చదివింది బయట చెప్పకూడదు. ఇంట్లో కూడా చెప్పకూడదు. అందుకే మా ఊరివాళ్లకు నా గురించి తెలిసింది తక్కువ, ఊహించుకున్నది ఎక్కువ. జీపు పక్కన నడుస్తున్న ఇద్దరి మాటలు నాకు వినబడ్డాయి.

“సారు మన ఫోన్లు గూడ వింటడట రా.”

“నీ ఫోన్ల ఏముంటది వినెతందుకు? నీ పెండ్లాం తిట్లు దప్ప.”

“గవి వింటే సారు మల్ల ఫౌజులకే ఉరుకుతడు.”

నేనూ నవ్వాను. అప్పుడే చౌరస్తాకు అవతల, మా ఊరేగింపు వల్ల ఆగిపోయిన బండ్ల వరసలో ఒక మోపెడ్ కనబడింది. వెనక నీలం ప్లాస్టిక్ టబ్బు రబ్బరు ట్యూబుతో కట్టి ఉంది. ఇంజను ఆపేసి, ఒక కాలు నేల మీద పెట్టి, దారి ఎప్పుడు వదులుతారా అని చూస్తున్నాడు ఒక మనిషి. తల నెరిసింది కానీ భుజాలు నిలబెట్టే తీరు మారలేదు. అతను నన్ను చూశాడు. నేను తనను చూశానని కూడా చూశాడు. నేను మొహం తిప్పి, రెండో వైపు జనానికి చెయ్యి ఊపాను.

అతను నా దగ్గర హవల్దార్‌గా పనిచేశాడు. ఇబ్రహీంపట్నం పెద్దచెరువులో తరతరాలుగా చేపలు పట్టుకుని బతికే కుటుంబం అతనిది. అతనికి ఈ ఊరేగింపు జరగలేదు. అతను ఫౌజు నుంచి ఇంటికొచ్చిన రోజు ఎవరికీ చెప్పకుండా బస్సు దిగి, ఇనప ట్రంకు భుజాన పెట్టుకుని, చెరువు కట్ట మీది నుంచి నడిచి ఇంటికి పోయాడట. అతను అలా రావడానికి కారణం నేను. అది ఎట్లా జరిగిందో రాయడానికే కూర్చున్నాను. ఇప్పటికే చాలా ఆలస్యమైంది.

అప్పుడు నేను కర్నల్‌ని. ఉత్తరాదిన ఒక కంటోన్మెంటులో మా యూనిట్. గది బయట గోడకు చెక్క అరలు ఉండేవి. లోపలికి పోయే ముందు ప్రతివాడూ తన ఫోను ఆ అరలో పెట్టి, నంబరున్న ఇత్తడి బిళ్ల తీసుకోవాలి. నేనైనా అంతే. లోపల పదిహేను మంది. బెంగాల్ నుంచి, పంజాబ్ నుంచి, కేరళ నుంచి. అతను కొత్తగా వచ్చిన రోజు నాకు సెల్యూట్ కొట్టి హిందీలో ఏదో చెప్పాడు. రెండు ముక్కలు వినగానే నేను తెలుగులో అడిగాను.

“ఏ ఊరు నీది?”

అతని మొహం ఒక్కసారి విచ్చుకుంది. “పట్నం సాబ్. అంటే, హైద్రాబాద్ పట్నం గాదు. ఇబ్రహీంపట్నం.”

“ఇబ్రహీంపట్నంల ఎక్కడ?”

“చెరువు కాడ సాబ్.”

అదే రోజు నుంచి మా మధ్య తెలుగు మొదలైంది. టీ పోసే మూల దగ్గర నిలబడి అయిదు నిమిషాలు మాట్లాడుకునేవాళ్లం. చెరువులోకి నీళ్లొచ్చాయా, బాలాపూర్ గణపతి లడ్డూ ఈసారి వేలంలో ఎంతకు పోయింది, కోహెడలో కొత్త పండ్ల మార్కెట్టు నిజంగా కడతారా, మా దిక్కు భూముల ధరలు ఎట్లా మండిపోతున్నాయి. మిగతావాళ్లకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మేము మాట్లాడుతుంటే నవ్వుతూ చూసేవాళ్లు. సెలవు నుంచి వచ్చినప్పుడు అతను ఎండు చేపలు కాగితంలో చుట్టి తెచ్చేవాడు. గది అంతా వాసన కొట్టేది. పంజాబీ సుబేదార్ ముక్కు మూసుకుని, ఇది శత్రువు ప్రయోగించిన గ్యాసు అని అరిచేవాడు. ఊళ్లో అతని భార్య, ఒక కూతురు. కూతురు అప్పుడు ఆరో తరగతి.

ఇక్కడ మా గది పద్ధతి ఒకటి చెప్పాలి. మా దగ్గర ఏ పనికైనా కాగితం ఉండాలి. రాసే ఆర్డర్ ఇంగ్లీషులో ఉంటుంది. నోటితో చెప్పే ఆర్డర్ హిందీలో, నలుగురి ముందు చెప్పి, తర్వాత రాతలో పెట్టాలి. తెలుగు ఏ లెక్కలోనూ లేదు. అది మా ఇద్దరి ఇంటి మాట. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే వాడుకున్నాను.

ఒకరోజు పొద్దున అతను తన ఫోను అరలో పెట్టకముందే నా కోసం వరండాలో నిలబడ్డాడు.

“సాబ్, నిన్న ఒక ఆడామె దోస్తీ రిక్వెస్టు పెట్టింది. పేరు చూస్తే మన తెలుగామె లెక్కనే ఉన్నది. మాట చూస్తే కాదు.”

“ఎట్ల కాదు?”

“‘మీరు భోజనమును చేసితిరా’ అని అడిగింది సాబ్. మా సార్లు గూడ గట్ల మాట్లాడకపోయేది బళ్లె.”

ఇద్దరం నవ్వాం. కానీ ఆ వాక్యం ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఎక్కడో ఒక గదిలో, మాలాగే కూర్చున్న ఎవరో, ఒక ఆడమనిషి ఫొటో పెట్టుకుని, యంత్రంతో తెలుగులోకి మార్చుకుని, మన సిపాయిలకు గాలం వేస్తున్నారు. నియమం చాలా స్పష్టంగా ఉంటుంది. అలాంటిది వస్తే అదే రోజు రాసి ఇవ్వాలి, ఆ ఖాతా మూసెయ్యాలి. అతను ఆ నియమం ప్రకారమే నా దగ్గరికి వచ్చాడు. తప్పు చేసినవాడు అలా రాడు. ఇది నేను మర్చిపోకూడదు. ఇన్నేళ్లలో అప్పుడప్పుడు మర్చిపోవడానికి ప్రయత్నించాను.

అప్పుడు నా ప్రమోషన్ బోర్డు ముందుంది. నా వయసువాళ్లు ఇద్దరు నాకంటే ముందు పోయారు. ఆ గాలం వెనక ఎవరున్నారో నేను పట్టుకుంటే, బోర్డు ముందు నా కాగితం వేరుగా ఉంటుంది. కానీ మనిషిని ఎరగా పెట్టి అవతలివాణ్ణి లాగాలంటే పైనుంచి అనుమతి కావాలి. అడిగితే వారాలు పడుతుంది. వేరే విభాగంవాళ్లు వచ్చి కేసు పట్టుకుపోతారు. పేరు వాళ్లకు పోతుంది.

టీ మూల దగ్గరికి వచ్చాక నేను అతనితో తెలుగులో అన్నాను. “బంద్ చెయ్యకు. మాట్లాడు. ఏమడుగుతదో చూద్దాం. జర నిదానంగ పో. ఎవ్వలకు చెప్పకు.”

అతను చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడు. “రాసిస్తరా సాబ్?”

“మన మధ్యల కాగితమేందిరా?”

అతన్ని నేను ‘రా’ అనడం అదే మొదటిసారి. అతను సంతోషపడ్డాడు. చిన్నపిల్లాడిలా తల దించుకుని నవ్వాడు. “గట్లనే సాబ్” అన్నాడు. పక్కనే చక్కెర కలుపుకుంటున్న బెంగాలీ క్లర్కు మమ్మల్ని చూసి, ఈ ఇద్దరికీ ఊరు గుర్తొచ్చింది అన్నట్టు తనూ నవ్వాడు.

ఆ తర్వాత రోజూ పొద్దున అతను ముందురోజు ఆమె ఏం రాసిందో అప్పజెప్పేవాడు. తిండి గురించి, కూతురి చదువు గురించి, ఎండల గురించి అడిగింది. తర్వాత యూనిఫాంలో ఫొటో అడిగింది. నేను ఏం జవాబు రాయాలో చెప్పేవాణ్ణి. అతను మాట పొల్లుపోకుండా గుర్తుపెట్టుకుని, బయటికి పోయాక టైపు చేసేవాడు. నేను ఒక్క అక్షరం నా చేత్తో రాయలేదు. అంత జాగ్రత్త నాకు ఉంది.

ఆమె మెల్లగా వెనక్కి తగ్గుతోందని ఒకరోజు అనిపించింది. ఆమెను నిలబెట్టడానికి ఒక మాట చెప్పాను. “‘నీతోని మాట్లాడినంక ఇల్లు యాదికొస్తలేదు’ అని రాయి.”

అతను ఒప్పుకోలేదు. “గిది నేన్ రాయ సాబ్. మా ఇంటామె చూస్తే కత్తిపీటతోని కోస్తది నన్ను.”

“ఎట్ల చూస్తది? ఆమె ఆడ ఉన్నది, నువ్వీడ ఉన్నవ్.”

“అబద్ధమైనా గూడ, ఇల్లు యాదికొస్తలేదనుడు మంచిగుండదు సాబ్.”

“పని కోసం రాస్తున్నవ్. నిజంగంటున్నవా? రాయి.”

రాశాడు.

మూడో వారంలో వేరే విభాగంవాళ్లు వచ్చారు. వాళ్లు అదే గాలాన్ని ఇంకో కొస నుంచి పట్టుకుని లాగుతున్నారు. దానికి చిక్కినవాళ్ల పట్టికలో మా హవల్దార్ నంబరు దొరికింది. ఫోను తీసుకున్నారు. అందులో మాటలన్నీ ఉన్నాయి. యూనిఫాంలో ఫొటో ఉంది. ఇల్లు గుర్తుకు రావడం లేదన్న మాట ఉంది.

ముగ్గురు అధికారులతో విచారణ పెట్టారు. ముందు అతన్ని పిలిచారు. నేను పక్కనే కుర్చీలో ఉన్నాను. ఇలా చెయ్యమని నీకు ఎవరైనా చెప్పారా అని హిందీలో అడిగారు. అతను నా వైపు చూడలేదు. గోడ వైపు చూసి, లేదు అన్నాడు. అతను ఎందుకు అలా అన్నాడో నాకు ఆ క్షణంలోనే తెలుసు. ఎవరికీ చెప్పకు అని నేను అన్నాను. ఆ ఆర్డర్ నేను ఇంకా వెనక్కి తీసుకోలేదు. నేను నోరు తెరిచి చెప్పేదాకా అతను చెప్పడు. అతను నా కోసం ఎదురుచూస్తున్నాడు. అతని మాట రాసుకుని సంతకం చేయించుకున్నారు.

తర్వాత గదిలోవాళ్లను అడిగారు. హవల్దార్ రోజూ కర్నల్ సాబ్‌తో మాట్లాడేవాడని వాళ్లు చెప్పారు. ఏం మాట్లాడేవాళ్లు అంటే, వాళ్ల భాషలో సార్, మాకు తెలియదు అన్నారు. పెద్ద అధికారి నా వైపు తిరిగి మర్యాదగా అడిగాడు. రోజూ ఏం మాట్లాడుకునేవారు?

“ఇంటి సంగతులు” అన్నాను. “మా ఊళ్లో ఒక చెరువుంది. నీళ్లొచ్చాయా లేదా అని.”

ఆయన చిరునవ్వు నవ్వాడు. తనదీ పల్లెటూరేనని, తనకూ చెరువు గుర్తొస్తుందని అన్నాడు. నేను హవల్దార్ వైపు చూడకుండా ఉండలేకపోయాను. అతని మొహంలో కోపం లేదు. ఏదో లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి చేసుకునేవాడిలా కళ్లు కొంచెం చిట్లించాడు. అంతే. ఆ తర్వాత అందరికీ టీ వచ్చింది.

అతన్ని సర్వీసు నుంచి తీసేశారు. పెన్షన్ లేదు. నేను బోర్డు దాటి బ్రిగేడియర్ అయ్యాను.

ఆ తర్వాత చేసింది కూడా రాయాలి. అది ఇంతకంటే నీచమైనది. కొత్తగా వచ్చే అధికారులకు నేను పాఠాలు చెప్పేవాణ్ణి. అందులో పేరు లేకుండా అతని కథ చెప్పేవాణ్ణి. ‘భోజనమును చేసితిరా’ అన్న మాట దగ్గర దాని అర్థం ఇంగ్లీషులో విప్పి చెప్తే హాలంతా నవ్వేది. ఒక మంచి సైనికుడు ఒంటరితనం వల్ల ఎలా జారిపోతాడో చూడండి అని ముగించేవాణ్ణి. చప్పట్లు కొట్టేవారు. ఎన్నోసార్లు చెప్పాక అది నిజంగా అలాగే జరిగిందని నాకు అనిపించడం మొదలైంది.

ఊరేగింపు జరిగి నెల దాటాక నేను అతను చేపలమ్మే చోటికి పోయాను. సిటీ అంచున బడంగ్‌పేట్‌లో ఫ్లాటు కొనుక్కుందామని మా ఆవిడ అంటే, ఇక్కడే ఉందామని పట్టుబట్టింది నేనే. ఊరి మీద ప్రేమ అని ఆమె అనుకుంది. కావచ్చు. రోడ్డు పక్కన గొడుగు కింద అతను కూర్చుని ఉన్నాడు. ముందు బండరాయి, కత్తి, త్రాసు.

“ఏం గావాలె సాబ్? రవ్వ ఉన్నది, బొచ్చె ఉన్నది.” నిన్ననే విడిపోయినట్టు అడిగాడు.

“ఎట్లున్నవ్?”

“గిట్లున్న.”

పక్కన చేప కోయించుకుంటున్న ఒక మనిషి నన్ను గుర్తుపట్టాడు. “ఏమన్నా, సారుకు జర మంచిది చూసియ్యి. సారు దేశం కోసం కొట్లాడిండు. నువ్వేమో ఫోన్ల పిల్లతోని ముచ్చట వెట్టినవ్.”

“అవ్” అన్నాడు అతను. కత్తి రాయి మీద రెండుసార్లు నూరాడు. “నీకు తలకాయ గూడ గావాల్నా, తీసెయ్యాల్నా?”

“ఎవరి తలకాయ?” అని ఆ మనిషి నవ్వాడు. నేను కూడా నవ్వాను. నాకు ఒక్క వాక్యం చెప్పే చోటు దొరికింది. చెప్పలేదు. కిలో రవ్వ చేప తీసుకుని వచ్చాను.

ఆదివారం ఆదివారం పోవడం మొదలుపెట్టాను. మా ఇంట్లో చేపలు ఎక్కువైపోయాయి. “ఆయన దగ్గర కొనకపోతే చేపలు చెరువులకు మల్ల పోతయా?” అని మా ఆవిడ విసుక్కునేది. ఒక ఆదివారం బేరం లేని సమయంలో అతనే అడిగాడు.

“సాబ్, ఒక్క పని చేస్తరా?”

“చెప్పు.”

“నాకు కోర్టు వద్దు, పెన్షన్ వద్దు. మా ఇంటికొచ్చి మా ఆమెకు ఒక్క మాట చెప్పుండ్రి. గవన్ని మీరు రాయమంటే రాసిన అని. చాలు.”

అప్పుడు తెలిసింది. శిక్ష కాగితాలతో పాటు ఆ మాటల నకలు ఇంటికి వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసిన ఆ తెలుగును కూతురు చదివి తల్లికి వినిపించింది. ఆరోజు నుంచి భార్య అతనితో మాట్లాడలేదు. ఇంట్లోనే ఉంటుంది. అన్నం వండి పెడుతుంది. జ్వరమొస్తే దవాఖానకు తోడు వస్తుంది. మాట మాత్రం లేదు. కూతురు చదువు పూర్తయి వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తోంది. ఫోను తల్లికి చేస్తుంది.

“నువ్వు చెప్పలేదా ఆమెకు?”

“చెప్పిన సాబ్. ‘అయితే మీ సాబ్‌ను తోలుకరా, ఆయన నోటితోని విందాం’ అన్నది. గదే ఆమె ఆఖరు మాట.”

“వస్తా” అన్నాను. “వచ్చే ఆదివారం వస్తా.”

వచ్చే ఆదివారం వాన పడింది. ఆ తర్వాత నా మోకాలు ఆపరేషన్. ఆ తర్వాత బంధువుల పెళ్లి. ఆ తర్వాత ఏ కారణమూ లేదు. చేపలకు మాత్రం పోయేవాణ్ణి. అతను మళ్లీ అడగలేదు. ఒక్కోసారి చేప తూచి ఇస్తూ, “పొద్దున ఆమెకు చెప్పిన సాబ్, మీరు ఇయ్యాల వస్తరేమో అని” అనేవాడు. నేను తల ఊపేవాణ్ణి. అలా రెండేళ్లు గడిచాయి. ఎందుకు పోలేదు అని నన్ను నేను అడిగితే, వచ్చే జవాబు చాలా చిన్నది. ఆ ఇంట్లో చెప్పాక అది ఊరికి తెలుస్తుంది. చౌరస్తాలో నాకు దండ వేసినవాళ్లకు తెలుస్తుంది. అంతే. పెద్ద కారణం ఏమీ లేదు.

చివరికి పోయాను. పోయే ముందు సిటీలో ఒక వకీలును కలిశాను. ఆర్డర్ నాదేనని, విచారణలో నేను అబద్ధం చెప్పానని ఇంగ్లీషులో అఫిడవిట్ రాయించి, నోటరీ చేయించాను. వకీలు నన్ను కొంచెం జాలిగా చూశాడు. ఎవరూ చెప్పలేదని హవల్దారే సంతకం పెట్టాడు కదా సార్, దాని ముందు ఈ కాగితం నిలబడదు అన్నాడు. కోర్టుకు కాదు, ఇంకొకరికి చూపించడానికి అన్నాను.

చెరువు వైపు రెండు గదుల ఇల్లు. ఆమె ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్‌లో వంట చేస్తుంది. ఆదివారం మధ్యాహ్నం ఇంటి దగ్గరే ఉంది. గుమ్మం ముందు కూర్చుని, చిరిగిన వలను కాలి బొటనవేలికి తగిలించుకుని అల్లుతోంది. అతను ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె లేచి నీళ్లిచ్చి, మళ్లీ వల ముందు కూర్చుంది.

నేను కాగితం తీశాను. చదువుతూ, వాక్యం వాక్యం తెలుగులో చెప్పాను. చాలాకాలం పాఠాలు చెప్పిన గొంతు నాది. ఆ గొంతే వచ్చింది. దాన్ని మార్చుకోవడం నాకు చేతకాలేదు. ఆమె అంతా విన్నది.

“ఏ భాషల రాసిండ్రు సారూ అది?”

“ఇంగ్లీషుల.”

“నాకు రాదు.”

“అందుకే చెప్తున్నమ్మా. ఆయన రాసినయన్ని నేన్ చెప్పినయే. ఆయన మాట ఒక్కటి లేదు.”

“అన్నీ?”

“అన్నీ.”

“‘నీతోని మాట్లాడినంక ఇల్లు యాదికొస్తలేదు.’ గది గూడ?”

ఒక్క మాట తడబడకుండా అన్నది. కాగితంలో ఉన్నది ఉన్నట్టు. అన్నేళ్లు ఆమె ఆ మాటను ఎన్నిసార్లు లోపల చదువుకుని ఉంటుందో నాకు అప్పుడు అర్థమైంది.

“గది గూడ నాదే.”

“ఎవరి ఇల్లు యాదికొస్తలేదు సారూ? మీదా, మాదా?”

ఆమె వల కన్నులోకి దారం దూర్చి ముడి వేసింది.

“ఊళ్లెకొచ్చి ఎన్ని రోజులాయె మీరు?”

“రెండేండ్లు దాటింది.”

“ఆదివారం ఆదివారం ఈయన కాడ చేపలు కొన్నరు. నాకెరుకే. ఈయన పొద్దున్నే లేచి చెప్పేది, ఇయ్యాల సాబ్ వస్తడు అని. మొదలు నేన్ ఇల్లు ఊడ్చి చూసిన. రెండు నెలలు చూసిన, మూడు నెలలు చూసిన. గిది నిజమైతే, గిన్ని రోజులు కడుపుల వెట్టుకొని ఎవ్వలన్న చేపలు దింటరా సారూ?”

“తప్పు నాదేనమ్మా. భయమైంది.”

“మీకు భయమా?” ఆమె మొదటిసారి తలెత్తి నన్ను చూసింది. వెక్కిరింత లేదు. నిజంగానే నమ్మలేక చూసింది. “గంత పెద్ద సాబ్‌లకు భయమేంది? నాకు సమజైంది లేండ్రి. ఈయన మీ కాళ్లు వట్టుకొని బతిలాడిండు. ముసలోడైతున్నడని మీరు దయదల్చి వచ్చిండ్రు. కాగితం గూడ రాయించుకొచ్చిండ్రు. మంచిదే. పెద్దమనిషి మీరు.”

“అబద్ధం కాదమ్మా ఇది. దేవుని మీద ఒట్టు.”

“గప్పుడు చెప్తే నమ్ముదును.”

అతను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. విచారణ రోజున నిలబడినట్టే. ఏదైనా అంటాడేమో అని చూశాను. ఆమె నా చేతిలోని ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. నేను లేచి, కాగితం కుర్చీ మీద పెట్టాను.

అతను కారు దాకా వచ్చాడు. క్షమించమని అడుగుదామని అంతదూరం మాటలు కూర్చుకున్నాను. అతనే ముందు మాట్లాడాడు.

“పరేషాన్ గాకుండ్రి సాబ్. వచ్చిండ్రు, చాలు.”

“కూతురుకు ఫోన్ చేసి చెప్పనా? ఆమెకు ఇంగ్లీషొస్తది. చదువుతది.”

“వద్దు సాబ్. మల్ల మొదలైతది.” కారు తలుపు పట్టుకున్నాడు. “ఒక్క మాట అడుగుతా. నిజంగనే మీరే చెప్పిండ్రా సాబ్ గది? ఇల్లు యాదికొస్తలేదని?”

“నేనే చెప్పిన. నువ్వు రాయనన్నవ్. కత్తిపీట అన్నవ్, యాదికి లేదా?”

“కత్తిపీటా?” గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. “ఏమో సాబ్. అందరు అన్నంక అన్నంక నాకే ఒక్కోపారి అనుమానమొస్తది. మీరు చెప్పిండ్రా, నేనే రాసుకున్ననా అని. గా రోజు మనం చెరువు సంగతే మాట్లాడినమేమో అనిపిస్తది.”

ఆ గదిలో తెలుగు తెలిసినవాళ్లం ఇద్దరమే. అతను కూడా మర్చిపోతే, ఆ ఆర్డర్ ఇచ్చినట్టు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగులుతాను. నా మాటకు ఆ ఇంట్లో విలువ లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు.

ఇది రాస్తానని అతనికి చెప్పాను. “రాసుకోండ్రి సాబ్, పేర్లు వద్దు” అన్నాడు. తెలుగులో రాస్తున్నాను. ఆమెకు తెలుగు చదవడం వచ్చు. ఒక ప్రతి పంపనా అంటే, చేపల తొట్టిలో చెయ్యి పెట్టి, నా వైపు చూడకుండా, వద్దన్నాడు. అందుకే ఇందులో అతని పేరు లేదు. నా పేరు కూడా లేదు. అతని పేరు లేకపోవడం అతను అడిగింది. నా పేరు లేకపోవడం నాకు సుఖంగా ఉంది. ఆ సుఖాన్ని నేను గుర్తుపట్టగలను. విచారణ గదిలో టీ తాగినప్పుడు కూడా నాకు ఇలాగే ఉండింది.

ఇప్పుడు ఆదివారం అటు పోవడం లేదు. కూరగాయల కోసం పోయినప్పుడు దూరం నుంచి అతని గొడుగు కనబడుతుంది. చేపలు కొనేవాళ్లు ఇంకా ఆ ఫోను పిల్ల మాటే అంటూ నవ్వుతుంటారు. అతను “అవ్” అంటాడు. ఇంట్లో ఆమె ఇంకా అతనితో మాట్లాడటం లేదు.